చక్రపాణి (ఆలూరు వెంకట సుబ్బారావు)

చక్రపాణిగా ప్రసిద్ధుడైన ఆలూరు వెంకట సుబ్బారావు (ఆగష్టు 5, 1908 - సెప్టెంబరు 24, 1975) తెలుగు రచయిత, అనువాదకుడు, పత్రికా సంపాదకుడు, సినీ నిర్మాత, దర్శకుడు. బెంగాలీ రచయిత శరత్ చంద్ర చటోపాధ్యాయ నవలలను తెలుగు పాఠకులకు సొంతం చేసినవారిలో ఆయన ముఖ్యుడు. బి.నాగిరెడ్డితో కలిసి చందమామ పత్రికను, విజయా ప్రొడక్షన్స్ సంస్థను స్థాపించాడు. షావుకారు, పెళ్లి చేసి చూడు, మిస్సమ్మ, గుండమ్మ కథ వంటి చిత్రాల రచనలో ఆయన పాత్ర ప్రధానమైనది.

యౌవనంలో క్షయవ్యాధి సోకి మదనపల్లె శానిటోరియంలో గడిపిన నెలలు ఆయన జీవితాన్ని మలుపు తిప్పాయి. ఆ రోజులలో క్షయకు మందు లేదు. రోగిని నెలల తరబడి మంచం మీద కదలకుండా ఉంచడమే ప్రధాన చికిత్స. ఆ చికిత్స వలన శరీరానికి, ముఖ్యంగా ఎముకలకు కలిగే నష్టం తరువాతి కాలంలో గాని స్పష్టంగా తెలియలేదు. చక్రపాణి ఆ విరామాన్ని ఒక కొత్త భాష నేర్చుకోవడానికి వినియోగించుకున్నాడు.

తొలి జీవితం

చక్రపాణి గుంటూరు జిల్లా తెనాలిలోని ఐతానగర్‌లో గురవయ్య, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. వారిది మధ్యతరగతి రైతు కుటుంబం. తెనాలి కృష్ణా డెల్టాలో, కాలువల నడుమ, వరిపొలాల మధ్య పెరిగిన పట్టణం. మద్రాసు వెళ్ళే ప్రధాన రైలు మార్గం తెనాలి నుండి బాపట్ల, చీరాల మీదుగా దక్షిణానికి సాగుతుంది. తెనాలి నుండి రేపల్లెకు వేరే రైలు మార్గం ఉంది. ధాన్యం వ్యాపారంతో పాటు నాటకాలు, పుస్తక ప్రచురణ, సాహిత్య చర్చలు వర్ధిల్లడం వలన ఈ పట్టణానికి ఆంధ్రా పారిస్ అనే పేరు వచ్చింది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండగా, బాపట్ల, రేపల్లె కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరాయి.

చిన్నతనంలోనే జాతీయోద్యమ ప్రభావానికి లోనై చక్రపాణి హైస్కూలు చదువుకు స్వస్తి చెప్పాడు. హిందీ ప్రచారకుడైన యలమంచిలి వెంకటప్పయ్య వద్ద హిందీ నేర్చుకున్నాడు. తమిళం, సంస్కృతం, ఆంగ్లం స్వయంకృషితో అభ్యసించాడు. చక్రపాణి అన్న కలం పేరు ఆయనకు హిందీ పండితుడు వ్రజనందన వర్మ పెట్టినది. కాలక్రమంలో ఆ పేరే స్థిరపడి, అసలు పేరు మరుగున పడింది. పాఠశాల చదువు మధ్యలో ఆగినా, భాషలను సొంతంగా పట్టుకునే అలవాటు ఆయనకు ఈ దశలోనే ఏర్పడింది. మదనపల్లెలో అక్కరకు వచ్చినది ఈ అలవాటే.

క్షయవ్యాధి - మదనపల్లె శానిటోరియం

క్షయవ్యాధి సోకడంతో చక్రపాణి చికిత్స కోసం 1932లో మదనపల్లె శానిటోరియంలో చేరాడు. అప్పటికి ఆయన వయసు ఇరవైనాలుగు సంవత్సరాలు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో ఉన్న ఈ శానిటోరియాన్ని పలు క్రైస్తవ మిషన్లు కలిసి ఏర్పాటు చేశాయి. డెన్మార్కు దేశస్థుడైన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దీని నిర్మాణానికి, అభివృద్ధికి ముఖ్య కారకుడు. 1915 నుండి ఆరోగ్యవరంలో రోగులకు చికిత్స జరిగింది. పొడి గాలి, ఎత్తయిన ప్రదేశం, కొండల పరిసరాలు ఉండడం వలన దక్షిణ భారతదేశంలోని నలుమూలల నుండే కాక, దూరప్రాంతాల నుండి కూడా రోగులు అక్కడికి వచ్చేవారు. తేమ నిండిన డెల్టా ప్రాంతం నుండి వెళ్ళిన రోగికి అది పూర్తిగా వేరైన వాతావరణం.

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని 1882లో రాబర్ట్ కాక్ కనుగొన్నాడు. కాని దానిని చంపే మందు కోసం మరి అరవై సంవత్సరాలకు పైగా వేచి ఉండవలసి వచ్చింది. స్ట్రెప్టోమైసిన్ 1943లో కనుగొనబడింది. ఐసోనయజిడ్ 1952లో వాడుకలోకి వచ్చింది. చక్రపాణి శానిటోరియంలో చేరేనాటికి ఇవేవీ లేవు. అప్పటి చికిత్సకు మూడు ఆధారాలు: స్వచ్ఛమైన గాలి, బలమైన ఆహారం, విశ్రాంతి. కొందరు రోగులకు ఛాతీలోకి గాలిని ఎక్కించి, వ్యాధిగ్రస్తమైన ఊపిరితిత్తిని ముడుచుకొనేటట్లు చేసేవారు. దీని ఉద్దేశం కూడ ఆ ఊపిరితిత్తికి విశ్రాంతి నివ్వడమే.

శానిటోరియం పద్ధతి జర్మనీలో పుట్టింది. హెర్మన్ బ్రెమర్ 1850 దశకంలో గోర్బర్స్‌డార్ఫ్‌లో ప్రారంభించిన చికిత్సాలయంలో రోగులను కొండదారులలో నడిపించేవారు. ఆయన వద్ద చికిత్స పొందిన పీటర్ డెట్‌వైలర్ 1876లో ఫాల్కెన్‌స్టెయిన్‌లో మరొక చికిత్సాలయాన్ని తెరచి, నడకకు బదులు ఆరుబయట వరండాలలో వాలు కుర్చీలపై గంటల తరబడి పడుకోబెట్టే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఈ రెండవ పద్ధతే ప్రపంచమంతటా ఎక్కువగా వ్యాపించింది. జ్వరం ఉన్న రోగికి మంచం దిగడానికి అనుమతి ఉండేది కాదు. ఇంగ్లండులో 1905లో ప్రారంభమైన ఫ్రిమ్లీ శానిటోరియంలో మార్కస్ పాటర్సన్ మాత్రం జ్వరం తగ్గిన రోగులకు క్రమంగా నడక, బుట్టలు మోయడం, మట్టి తవ్వడం వంటి పనులు అప్పగించేవాడు. ఆయన పద్ధతిని అనుసరించినవారు ఉన్నా, విశ్రాంతిపై వైద్యుల నమ్మకం సడలలేదు.

శానిటోరియంలో చక్రపాణికి తోటి రోగిగా ఉన్న ఒక బెంగాలీ పండితునితో పరిచయమయింది. ఆయన సాయంతో చక్రపాణి అక్కడే బెంగాలీ చదవడం, వ్రాయడం నేర్చుకున్నాడు. నేర్చుకోవడానికి పట్టినది కొద్ది నెలలే. అప్పటికే సంస్కృతం, హిందీ తెలిసి ఉండడం అందుకు తోడ్పడింది. అప్పటి శానిటోరియాలలో లేచి తిరగడానికి వీలులేని రోగులకు చదువు, సంభాషణ మాత్రమే మిగిలిన వ్యాపకాలు. అనేక దేశాల సాహిత్యంలో శానిటోరియం ప్రస్తావన తరచుగా కనిపించడానికి ఇదొక కారణం. తెలుగులో దాని ఫలితం శరత్ సాహిత్యం రూపంలో వచ్చింది.

పడక విశ్రాంతి - ఎముకల క్షీణత

చక్రపాణి తరానికి చెందిన క్షయరోగులు పొందిన విశ్రాంతి చికిత్సను అర్థం చేసుకోవడానికి, దీర్ఘకాలం కదలకుండా ఉండడం వలన శరీరంలో జరిగే మార్పులను తెలుసుకోవడం అవసరం.

ఎముక చూడడానికి రాయి వలె కనిపించినా అది సజీవమైన కణజాలం. అందులో ఆస్టియోక్లాస్టులు అనే కణాలు పాత ఎముకను కరిగిస్తూ ఉంటాయి. ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు ఆ స్థానంలో కొత్త ఎముకను నిర్మిస్తూ ఉంటాయి. ఆరోగ్యవంతుడైన యువకునిలో ఈ రెండు పనులు సమతూకంలో ఉంటాయి. ఎముకపై పడే బరువును బట్టి దాని నిర్మాణం మారుతుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. బరువు పడేచోట ఎముక బలపడుతుంది, బరువు తొలగితే పలుచబడుతుంది. చక్రపాణి మదనపల్లె వెళ్ళేనాటికి ఈ సూత్రం వెలువడి నలభై సంవత్సరాలయింది. అయినా ఊపిరితిత్తుల వ్యాధికి ఇచ్చే విశ్రాంతికి దీనిని అన్వయించి చూసినవారు తక్కువ.

ఎముక లోపల చిక్కుకొని ఉండే ఆస్టియోసైట్ అనే కణాలు ఈ బరువును పసిగడతాయని తరువాతి పరిశోధనలలో తేలింది. మనిషి నిలబడినపుడు, నడిచినపుడు, కండరాలు ఎముకను లాగినపుడు ఎముకలో అతి స్వల్పమైన వంపు కలుగుతుంది. దానిని ఈ కణాలు గుర్తిస్తాయి. మనిషి మంచం పట్టినపుడు ఆ సంకేతం ఆగిపోతుంది. అపుడు ఆస్టియోసైట్లు స్క్లెరోస్టిన్ అనే ప్రోటీనును ఎక్కువగా విడుదల చేస్తాయి. అది కొత్త ఎముక నిర్మాణాన్ని అణచివేస్తుంది. మరొక వైపు ఎముకను కరిగించే పని ముమ్మరమవుతుంది. ఈ విధంగా రాబడి తగ్గి, ఖర్చు పెరిగి ఎముక గుల్లబారుతుంది.

ఎముక నుండి విడుదలైన కాల్షియం రక్తంలో చేరి, మూత్రం ద్వారా బయటకు పోతుంది. మంచం పట్టిన మొదటి వారాలలోనే మూత్రంలో కాల్షియం పెరగడం మొదలవుతుంది. దీర్ఘకాలం పడుకొని ఉన్న రోగులకు మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడడానికి ఇదొక కారణం. రక్తంలో కాల్షియం చాలినంత ఉండడం వలన పారాథైరాయిడ్ హార్మోను తగ్గుతుంది. దానితో విటమిన్ డి చురుకైన రూపంలోకి మారడం తగ్గి, పేగులు ఆహారం నుండి కాల్షియాన్ని గ్రహించడం కూడ తగ్గుతుంది. అందువలన పాలు, గుడ్లు ఎంత ఇచ్చినా కదలిక లేని రోగి ఎముకలను ఆహారం ఒక్కటే కాపాడలేదు. శానిటోరియాలలో బలమైన ఆహారం, ఎండ తగిలే వరండాలు ఉన్నా, పడక వలన జరిగే నష్టం పూర్తిగా ఆగదని దీనివలన తెలుస్తుంది.

ఈ నష్టాన్ని కొలతలతో చూపిన తొలి ప్రయోగాలలో ముఖ్యమైనది 1948లో ప్రచురితమయింది. న్యూయార్కులో డీట్రిక్, వీడన్, షోర్ అనే పరిశోధకులు నలుగురు ఆరోగ్యవంతులైన యువకులను నడుము నుండి పాదాల వరకు ప్లాస్టరు కట్టులో ఆరు, ఏడు వారాలు ఉంచారు. ఏ వ్యాధీ లేని ఆ యువకుల శరీరాల నుండి కాల్షియం, నత్రజని అధికంగా బయటకు పోయాయి. కండరాలు చిక్కిపోయాయి. లేచి నిలబడినపుడు రక్తపోటును నిలుపుకొనే శక్తి తగ్గింది. కట్టు విప్పిన తరువాత వారు మామూలు స్థితికి రావడానికి కూడ వారాలు పట్టింది. నష్టానికి కారణం వ్యాధి కాదని, కదలిక లేకపోవడమేనని దీనితో రుజువయింది. అంతకు ముందు సంవత్సరం, 1947లో, లండను వైద్యుడు రిచర్డ్ యాషర్ రోగులను అనవసరంగా పడకకు పరిమితం చేయడం వలన కలిగే ప్రమాదాలను వివరిస్తూ ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాశాడు.

తరువాతి కాలంలో ఎముకల సాంద్రతను కొలిచే యంత్రాలు వచ్చాయి. 1990లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులైన పురుషులను 17 వారాల పాటు పడకపై ఉంచి పరిశీలించారు. వెన్నెముకలో సుమారు 4 శాతం, మడమ ఎముకలో సుమారు 10 శాతం ఖనిజం తగ్గింది. ముంజేతి ఎముకలో చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. నిలబడినపుడు శరీర భారాన్ని మోసే ఎముకలే ముందుగా, ఎక్కువగా దెబ్బతింటాయని దీనివలన తెలుస్తుంది. అంతరిక్షంలో నెలల తరబడి ఉండే వ్యోమగాములకు కూడ ఇదే జరుగుతుంది. తుంటి ఎముకలో నెలకు 1 నుండి 1.5 శాతం వరకు ఖనిజం తగ్గుతుంది. వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు చచ్చుబడినవారిలో ఈ నష్టం ఇంకా తీవ్రం. ఎముక పోవడానికి పట్టే కాలం కంటె అది తిరిగి ఏర్పడడానికి పట్టే కాలం ఎక్కువ. యువకులు చాలావరకు కోలుకుంటారు. వృద్ధులలో ఆ నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.

విశ్రాంతి చికిత్స ముగింపు

క్షయకు పడక అవసరమా అన్న ప్రశ్నకు నిర్ణయాత్మకమైన సమాధానం మద్రాసు నుండే వచ్చింది. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రంలో 193 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి శానిటోరియంలోను, మరొక వర్గానికి వారి ఇళ్ళలోను, ఒకే విధమైన మందులు ఒక సంవత్సరం పాటు ఇచ్చారు. శానిటోరియంలో ఉన్నవారికి మంచి ఆహారం, ఎక్కువ విశ్రాంతి లభించాయి. ఇళ్ళలో ఉన్నవారిలో అధికులు పేదలు. వారికి ఆహారం తక్కువ, పని ఎక్కువ, ఇళ్ళు ఇరుకు. అయినా మందులు సక్రమంగా వాడినపుడు ఇంటివద్ద ఫలితాలు శానిటోరియం ఫలితాలకు దగ్గరగానే ఉన్నాయని 1959లో వెలువడిన నివేదిక తెలిపింది. ఇంటిలోని మిగతావారికి వ్యాధి సోకే ప్రమాదం కూడ దీనివలన పెరగలేదు.

ఈ అధ్యయనం ప్రపంచమంతటా క్షయ చికిత్సను మార్చివేసింది. శానిటోరియాలు ఒక్కొక్కటిగా మూతపడడమో, సాధారణ ఆసుపత్రులుగా మారడమో జరిగింది. వెన్నెముక క్షయ సోకిన పిల్లలను సంవత్సరాల తరబడి ప్లాస్టరు పడకలలో కట్టి ఉంచే పద్ధతికి కూడ ఆ తరువాత కాలం చెల్లింది. కొరియాలోని మాసాన్‌లో జరిగిన అధ్యయనంలో, మందులు వాడే రోగులకు మొదటి ఆరు నెలల పడక విశ్రాంతి వలన అదనపు ప్రయోజనం లేదని 1970 దశకంలో తేలింది. మదనపల్లె కూడ క్షయ నివారణ చరిత్రలో తన స్థానాన్ని నిలుపుకొంది. భారతదేశంలో బీసీజీ టీకాలు 1948లో మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి.

మందులు లేని కాలంలో శానిటోరియాలు చేసిన సేవను తక్కువ చేయనవసరం లేదు. రోగికి తిండి, శుభ్రత, వైద్యుని పర్యవేక్షణ లభించాయి. రోగి ఇంటికి దూరంగా ఉండడం వలన కుటుంబ సభ్యులకు వ్యాధి సోకడం తగ్గింది. మందు లేనపుడు ఊపిరితిత్తిని కాపాడడానికి ఎముకను, కండరాన్ని పణంగా పెట్టవలసి వచ్చింది. ఆ బేరంలో రెండవ వైపు ఏమి పోతున్నదో అప్పటివారికి తెలియదు.

అనువాదాలు, కథలు

శానిటోరియం నుండి తిరిగి వచ్చిన తరువాత చక్రపాణి బెంగాలీ నుండి తెలుగులోకి అనువాదాలు ప్రారంభించాడు. శరత్ నవలలకు ఆయన చేసిన అనువాదాలు విశేషమైన ఆదరణ పొందాయి. శరత్ తెలుగు రచయిత కాడంటే నమ్మని పాఠకులు ఉండేవారని ప్రతీతి. బెంగాలీ వాక్యాన్ని యథాతథంగా తెచ్చిపెట్టక, తెనాలి ప్రాంతపు ఇళ్ళలో వినిపించే తెలుగులో చెప్పడం ఇందుకు కారణం. ఉమ్మడి కుటుంబం, వితంతువుల దైన్యం, కులాల కట్టుబాట్లు, చెప్పుకోలేని ప్రేమలు శరత్ నవలలలోని ప్రధాన విషయాలు. ఇవన్నీ కృష్ణా, గుంటూరు జిల్లాల పాఠకులకు తమ ఇంటి కథల వలెనే కనిపించాయి.

హిందీ ద్వారానో, ఆంగ్లం ద్వారానో కాక బెంగాలీ మూలం నుండి నేరుగా అనువదించడం చక్రపాణి ప్రత్యేకత. 1953లో దేవదాసు చిత్రం విడుదలయ్యేనాటికి శరత్ పాత్రలు తెలుగువారికి కొత్త కాదు. అందుకు చక్రపాణి వంటి అనువాదకుల కృషే కారణం. ఆయన తెలుగులో స్వతంత్రంగా కథలు కూడ వ్రాశాడు. కుటుంబ జీవితంలోని చిన్న చిన్న కపటాలను, బింకాలను పరిహాసంగా చిత్రించడం ఆయన కథల లక్షణం. తరువాతి కాలంలో ఆయన సినిమాలలో కనిపించే హాస్యానికి మూలం ఈ కథలలోనే ఉంది.

యువ పత్రిక

1934-35 ప్రాంతంలో చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావుతో కలిసి తెనాలిలో యువ మాసపత్రికను ప్రారంభించాడు. కుటుంబరావు (1909-1980) కూడ తెనాలివాడే. వీరిద్దరి స్నేహం జీవితాంతం కొనసాగింది. కుటుంబరావు హేతువాది, సామాజిక విమర్శకుడు. చక్రపాణి వినోదాన్ని, కథా నిర్మాణాన్ని ముఖ్యంగా భావించినవాడు. అభిప్రాయాలు వేరైనా, సరళమైన వచనం వ్రాయాలన్న పట్టుదల ఇద్దరిలోనూ సమానం. ఈ స్నేహ ఫలితం తరువాత చందమామలో కనిపించింది.

చందమామ

చక్రపాణి, నాగిరెడ్డి కలిసి 1947 జూలైలో మద్రాసు నుండి చందమామ పిల్లల మాసపత్రికను తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించారు. ముద్రణ, వ్యాపార నిర్వహణ నాగిరెడ్డి చూసేవాడు. పత్రికలో ఏమి ఉండాలి, ఎలా ఉండాలి అన్నది చక్రపాణి నిర్ణయించేవాడు. పిల్లలకు నీతులు బోధించడం కంటె కథ చెప్పడం ముఖ్యమని, కథ బాగుంటే నీతి దానంతట అదే అందుతుందని ఆయన భావించాడు. చిన్న వాక్యాలు, అందరికీ తెలిసిన మాటలు, ప్రతి కథకు రంగుల బొమ్మ అన్నవి చందమామ ప్రమాణాలుగా ఏర్పడ్డాయి.

1952 నుండి కొడవటిగంటి కుటుంబరావు చందమామ సంపాదకత్వ బాధ్యతలు నిర్వహించాడు. 1980లో మరణించేవరకు ఆయన ఆ పనిలోనే ఉన్నాడు. చిత్రకారులు చిత్ర, వడ్డాది పాపయ్య, శంకర్ ఈ పత్రికకు రూపం కల్పించారు. బేతాళ కథలు దశాబ్దాల పాటు సాగాయి. చందమామ క్రమంగా అనేక భారతీయ భాషలకు విస్తరించింది. ఒకే కథ, ఒకే బొమ్మ, వేరువేరు లిపులతో దేశమంతటా పిల్లలను చేరడం భారతీయ పత్రికా రంగంలో అరుదైన విషయం. 2012-13 ప్రాంతంలో పత్రిక ప్రచురణ నిలిచిపోయింది. పాత సంచికలను సేకరించి, దాచుకునే పాఠకులు ఆ తరువాత కూడ ఉన్నారు.

సినిమా రంగం

పి.పుల్లయ్య దర్శకత్వంలో 1941లో వచ్చిన ధర్మపత్ని చిత్రానికి మాటలు వ్రాయడంతో చక్రపాణి సినిమా రంగంలో ప్రవేశించాడు. అక్కినేని నాగేశ్వరరావు తెరపై కనిపించిన మొదటి చిత్రం ఇదే. తరువాత బి.ఎన్.రెడ్డి రూపొందించిన స్వర్గసీమ (1945) చిత్రానికి మాటలు వ్రాయడానికి మద్రాసు చేరాడు. బి.ఎన్.రెడ్డి సోదరుడైన నాగిరెడ్డితో అక్కడ ఏర్పడిన పరిచయం గాఢమైన స్నేహంగా మారింది.

వీరిద్దరు స్థాపించిన విజయా ప్రొడక్షన్స్ మొదటి చిత్రం షావుకారు (1950). దీనికి ఎల్.వి.ప్రసాద్ దర్శకుడు. ఇరుగుపొరుగు కుటుంబాల మధ్య డబ్బు తెచ్చిన వైరం దీని ఇతివృత్తం. కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన పాతాళభైరవి ఘనవిజయం సాధించింది. 1952లో భారతదేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రాన్ని ప్రదర్శించారు. వరకట్నాన్ని వేళాకోళం చేసిన పెళ్లి చేసి చూడు (1952) చక్రపాణి రచనా ధోరణికి మంచి ఉదాహరణ.

మిస్సమ్మ (1955) కథకు బెంగాలీ రచనలు ఆధారం. రవీంద్రనాథ్ మైత్ర వ్రాసిన హాస్య నాటకం మన్మొయీ గర్ల్స్ స్కూల్ అందులో ముఖ్యమైనది. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే ఇద్దరు నిరుద్యోగుల కథ ఇది. మొదట ప్రధాన పాత్రకు భానుమతిని ఎన్నుకున్నా, తరువాత ఆ పాత్ర సావిత్రికి దక్కింది. సావిత్రి నట జీవితంలో ఈ చిత్రం ఒక మైలురాయి. మదనపల్లెలో నేర్చిన బెంగాలీ ఇరవై సంవత్సరాల తరువాత కూడ చక్రపాణికి అక్కరకు వచ్చిందనడానికి మిస్సమ్మ నిదర్శనం. ఈ చిత్రం తమిళంలో మిస్సియమ్మ (1955), హిందీలో మిస్ మేరీ (1957) పేర్లతో వచ్చింది.

మాయాబజార్ (1957), అప్పు చేసి పప్పు కూడు (1959), జగదేకవీరుని కథ (1961) చిత్రాల తరువాత 1962లో గుండమ్మ కథ విడుదలయింది. కన్నడ చిత్రం మనె తుంబిద హెణ్ణు దీనికి ఆధారం. ఆ కథను చక్రపాణి చాలావరకు మార్చి, తెలుగు ఇంటి వాతావరణానికి అనుగుణంగా మలిచాడు. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో, డి.వి.నరసరాజు మాటలతో వచ్చిన ఈ చిత్రంలో ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, జమున నటించారు. గయ్యాళి సవతి తల్లి పాత్రను సూర్యకాంతం ధరించింది. దిలీప్ కుమార్ ద్విపాత్రాభినయం చేసిన హిందీ చిత్రం రామ్ ఔర్ శ్యామ్ (1967) నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించినదే.

వ్యక్తిత్వం

చక్రపాణి మితభాషి, నిర్మొహమాటి అని పేరు పొందాడు. సినిమా ముందుగా ప్రేక్షకుని ఆనందింపజేయాలని, ఉపదేశం అందులో విడిగా కనిపించరాదని ఆయన అభిప్రాయం. సన్నివేశం ఎంత గొప్పదైనా కథకు అవసరం లేకపోతే తీసివేయడానికి వెనుకాడేవాడు కాదు. విజయా చిత్రాలలో క్రూరులైన దుష్టపాత్రలు తక్కువ. మనుషుల బలహీనతలే కథను నడిపిస్తాయి. అపార్థాలు తొలగి, అందరూ ఒకచోట చేరడంతో కథ ముగుస్తుంది.

మరణం

చక్రపాణి 1975 సెప్టెంబరు 24న మరణించాడు. అప్పటికి ఆయన నిర్మాణంలో ఉన్న శ్రీ రాజేశ్వరీ విలాస్ కాఫీ క్లబ్ చిత్రం బాపు దర్శకత్వంలో 1976లో విడుదలయింది. ఇరవైనాలుగేళ్ళ వయసులో, మందు లేని వ్యాధితో శానిటోరియం చేరిన చక్రపాణి అరవై ఏడు సంవత్సరాలు జీవించాడు. తెలుగు పాఠకులు, పిల్లలు, ప్రేక్షకులు ఆయన నుండి పొందినవన్నీ దాదాపుగా ఆ వ్యాధి నుండి కోలుకున్న తరువాతి నలభై మూడు సంవత్సరాలలో వచ్చినవే.

ముఖ్యమైన చిత్రాలు

ధర్మపత్ని (1941) - మాటలు
స్వర్గసీమ (1945) - మాటలు
షావుకారు (1950) - నిర్మాణం, రచన
పాతాళభైరవి (1951) - నిర్మాణం
పెళ్లి చేసి చూడు (1952) - నిర్మాణం, రచన
మిస్సమ్మ (1955) - నిర్మాణం, రచన
మాయాబజార్ (1957) - నిర్మాణం
అప్పు చేసి పప్పు కూడు (1959) - నిర్మాణం
జగదేకవీరుని కథ (1961) - నిర్మాణం
గుండమ్మ కథ (1962) - నిర్మాణం, రచన
మనిదన్ మారవిల్లై (1962, తమిళం) - దర్శకత్వం

ఇవి కూడా చూడండి

తెనాలి
ఆరోగ్యవరం
కొడవటిగంటి కుటుంబరావు
బి.నాగిరెడ్డి
క్షయ
బోలు ఎముకల వ్యాధి